అటుక మీది కుండ

మొన్న కిస్మస్ పండుగ నాడు మా ఇంట్ల నన్ను దాటేసి పోయిన్రు. కోపంతోని కాదు, ప్రేమతోనే. అందరం బల్ల చుట్టు కూసున్నం. మా కొడుకు ప్రార్థన చేసిండు. ఆ తర్వాత మా ఇంటి రివాజు ప్రకారం, ఈ ఏడు దేవుడు చేసిన మేలు ఒక్కొక్కలు ఒక్కటన్న చెప్పి స్తోత్రం అనాలె, అప్పుడే అన్నం. మనుమడు పరీక్ష పాసైనందుకు స్తోత్రం అన్నడు. కోడలు సలోమి మోకాలి నొప్పి తగ్గినందుకు స్తోత్రం అన్నది. నా వంతు వచ్చింది. నేను పళ్లెం దిక్కు చూస్తు కూసున్న. వానకాలంల మా పెద్దబిడ్డ రూతు పోయింది. యాభై దాటిన బిడ్డను నా ముందట పెట్టెల పండవెట్టిన్రు. అప్పటి సంది నాకు దుఃఖం వస్తలేదు, కోపం వస్తలేదు, ఆకలి గూడ గడియారం చూసి తెలుసుకుంటున్న. నోట్లకెల్లి ఏం రాలే. మా కొడుకు జరసేపు ఆగి, "సరే, అమ్మది అయినట్టే" అని కూర గిన్నె మూత తీసిండు. అందరు తిన్నరు. నేను గూడ తిన్న.

మా తాత ఉంటే ఆ మూత తీయనిస్తుండెనా? నేనేమో ముప్పై ఏండ్లు బడిల పిల్లలకు చదువు చెప్పిన, ఆదివారం ఆదివారం ఆడోళ్లను కూసోవెట్టి "ఏం జరిగినా దేవునికి స్తోత్రం చెప్పుర్రి" అని నీతులు చెప్పిన మనిషిని. చెప్పుడు అలకనే ఉంటది. ఇంకొక సంగతి గూడ చెప్పాలె. మా ఇంట్ల దేవుని బియ్యం డబ్బా ఒకటి ఉంటది. పొద్దున అన్నం వండే ముందు మనిషికి పిడికెడు చొప్పున అండ్ల ఎయ్యాలె. పండుగకు గుడికి తీస్కపోయి ఇయ్యాలె. అది నా పని. రూతు పోయినంక నేను ఎయ్యలే. ఎయ్యద్దని అనుకోలే, చెయ్యి పోలేదు, గంతే. సలోమి రెండు నెలలు చూసి, ఏమనకుంట ఆ డబ్బాను వంటింట్ల పై అరల పెట్టింది. మంచి పిల్ల. నేను బాధపడతనని నా కండ్లకు కనవడకుంట చేసింది. ఆ పై అర చూసినప్పుడల్ల నాకు నన్ను కన్న మా అవ్వ యాదికొస్తున్నది. మా అవ్వ, మా గుడిసె, అటుక మీది విత్తనాల కుండ.

అప్పుడు మేము సిద్దిపేట చివరన, ఊరు దాటినంక వచ్చే గుడిసెలల్ల ఉంటుంటిమి. పదిహేనిరవై ఇండ్లుండె, అందరం దేవుని బిడ్డలమే. మట్టిగోడల బడి ఒకటుండె, వారంల ఆరు రోజులు బడి, ఆదివారం గుడి. ఇంట్ల మేము ఆరుగురం: తాత, బాపమ్మ, బాపు, అవ్వ, నేను, తమ్ముడు దానేలు. బాపు ఒక పటేలు కాడ జీతం ఉండి మోట కొడుతుండె. మాకంటు గుట్ట కింద రెండెకరాల చెలక ఉండె, అండ్ల వానకాలం జొన్నలు వేస్తుంటిమి. ఎక్కడనో లడాయి జరుగుతున్నదని, అందుకే గాసునూనె దొరుకుతలేదని పెద్దోళ్లు అంటుండె. మాకు తెలిసిన లడాయి బాపమ్మకు, కోళ్లకు నడుమనే. పొద్దుగాల లేస్తే అవ్వ సాన్పి చల్లే చప్పుడు, ఇసుర్రాయి చప్పుడు, పెనం మీద రొట్టె కమిరిన వాసన. ఇప్పటికి ఎక్కడన్న జొన్నరొట్టె కాలుతుంటే ఆ గుడిసె గడప కాడ నిలవడ్డట్టే ఉంటది నాకు.

ఇసురుడు మొదలుపెట్టే ముందు అవ్వ చాటల గింజలు పోసుకొని, పక్కన దేవుని కుండ పెట్టుకుంటుండె. చిన్న మట్టికుండ, మూతికి గుడ్డ వాసెన కట్టి ఉంటది. మనిషికి ఒక పిడికెడు. "మామ, అత్త, ఇంటాయన, నేను, పెద్దది" అనుకుంట ఒక్కొక్క పిడికెడు ఏస్తుండె. ఆరో పిడికెడు మాత్రం దానేలుగాడు వేయనియ్యకపోతుండె. "నాది నేనే ఏస్త" అని ఉరికొచ్చి వాని పిడికిలి నింపుకొని, తొవ్వల సగం కింద పోసుకొని మిగిలింది ఏస్తుండె. కింద పడ్డయి కోళ్లకు. బాపమ్మ "నా కోళ్లకు గూడ స్తోత్రం చెప్పే దినం వీనితోనే వచ్చింది" అని నవ్వుతుండె.

తాత సంగతి చెప్పాలె. చదువు రాదు, కని పాటలన్ని చెవితోనే నేర్చుకున్నడు. సంఘానికి పెద్దమనిషి. పొట్టి మనిషే గని గొంతు పెద్దది. ఆయన పెట్టిన కట్టుబాట్లు, కాయిదాలు, రెండు. ఒకటి, పండుగ నాడు ప్రతి ఇంటి కుండ గుడిల పొయ్యాలె. నడిమిట్ల గొంగడి పరుస్తరు. ఇంట్ల పొయ్యి ముట్టించే ఆడమనిషే కుండ తెచ్చి, వాసెన విప్పి, అందరి ముందట పోసి, ఒక్క స్తోత్రం చెప్పి కూసోవాలె. ఆ గింజలు దిక్కులేనోళ్లకు పంచుతరు. కుండ తేలికుంటే తాత ఊకోకపోతుండె. నేను చెప్పే సంగతికి ముందటేడు మా పక్కింటి మరియమ్మ కుండల అడుగు మాత్రమే ఉంటే, "ఏడాది పొడుగూత దేవుడు నీకు గింతేనా ఇచ్చింది?" అని అందరిల అడిగిండు. ఆమె మొగడు మంచంల పడి ఆరు నెలలు. అది తాతకు ఎరుకే. ఎరుకుండి గూడ అడిగిండు. రెండో కాయిదా ఇంట్లది. పండుగ బువ్వ ముందట పెట్టుకొని ప్రతి ఒక్కలు ఒక మేలు చెప్పాలె. ఒక్కలు చెప్పకున్నా ఎవ్వలు మెతుకు ముట్టద్దు. మాకు వరి బువ్వ ఏడాదికి రెండు మూడు మాట్లే. ఆ వాసనకు పాణం లాగుతుంటది, అయినా కూసోవాలె.

ఆ చెప్పుడు గూడ ఏడేడు ఒక్కతీరే. బాపు "ఎడ్లకు స్తోత్రం" అంటుండె. "పటేలు ఎడ్లకు పటేలు చెప్పుకుంటడు తియ్, నీది చెప్పు" అని తాత అంటే, బాపు తల గోక్కొని "చేతులకు" అంటుండె. బాపమ్మ "నా పండ్లు ఇంక ఊడలే, స్తోత్రం" అంటుండె. ముందటేడు దానేలుగానికి మాటలు పూర్తిగ రాలే. అయినా నాకు, అవ్వకు నడుమ కూసొని, వాని వంతు రాకముందే "బెల్లానికి స్తోత్రం" అని ఒర్లిండు. తాత అంత కాయిదా మనిషి, నవ్వి నవ్వి దగ్గొచ్చి నీళ్లు తాగిండు.

తర్వాతి వానకాలం వానికి చలిజ్వరం వచ్చింది. మొదటి రెండు రోజులు కషాయం పోసిన్రు. మూడోనాడు బాపు భుజం మీద ఏసుకొని సిద్దిపేట దవాఖానకు నడిచిండు. ఐదోనాడు అట్లనే భుజం మీద ఏసుకొని వచ్చిండు. తాత పాట పాడిండు. మట్టి చేసిన్రు. వానకు మట్టి కుంగితే బాపు మళ్లొకసారి పోయి ఎత్తు చేసి వచ్చిండు.

అవ్వ ఏడ్వలే. వాడకట్టోళ్లందరు ఏడ్చిన్రు, బాపమ్మ గుండెలు బాదుకున్నది, అవ్వ మాత్రం గోడకు ఒరిగి కూసొని, ఎవలన్న మాట్లాడితే వాళ్ల మొఖం దిక్కు చూసింది. మూడోనాడు లేచి సాన్పి చల్లింది, ఇసిరింది, రొట్టెలు చేసింది. పిలిస్తే పలికింది. అడిగితే చెప్పింది. చూసినోళ్లు గట్టి మనిషి అన్నరు. నేను మాత్రం ఒకటి చూసిన. గింజలు చాటల పోసుకున్నది గని, దేవుని కుండ దిక్కు ఆమె చెయ్యి పోలే. ఆనాడు మర్చిపోయిందనుకున్న. తెల్లారి గూడ పోలే. వారమైనా పోలే. కుండ మూతికి వాసెన మంచిగ కట్టే ఉన్నది, దాని జాగల అదే ఉన్నది, ఇంటిల్లిపాదికి అనుమానం రాలే. ఒకనాడు నేను గుడ్డ విప్పి చూసిన. అడుగు కనవడ్డది. పాత గింజలు గూడ తీసి ఇసిరినట్టున్నది.

పండుగనాడు గొంగడి మీద అవ్వ ఆ కుండ బోర్లిస్తే ఏం పడతది? తాత మరియమ్మను అడిగినట్టే అవ్వను అడుగుతడు. అది ఒక భయం. ఇంకొక భయం ఎవలకు చెప్పుకునేది కాదు. దేవునికి ఎయ్యాల్సింది ఎయ్యకుంటే ఇంట్లకెల్లి ఇంకొకల్లను తీస్కపోతడని నా మనసుల పడ్డది. చిన్నోని తర్వాత చిన్నదాన్ని నేనే. తొమ్మిదేండ్ల బుద్ది గదా, దేవుడంటే పటేలు లెక్కనే అనుకున్న.

నేనే ఎయ్యాలె అనుకున్న. కని గింజలేవి? దినం ఇసిరే గింజలు బాపమ్మ తన చేతితోని కొలిచి ఇస్తది. ఆ ఏడు పంట గూడ అంతంతే. వానకాలం జొన్న ఇంటికొచ్చినంక, మంచి గింజ ఏరి, ఎండవోసి, పురుగు పట్టకుంట బూడిద, యాపాకు కలిపి వచ్చే ఏటి విత్తనానికి ఒక పెద్దకుండల పోసి, ఆ కుండను చూరు కింద కట్టెలతోని కట్టిన అటుక మీద పెట్టిన్రు. దాన్ని తాకుడు పాపం. పస్తులుంటరు గని విత్తనం ముట్టరు. అయినా నా కన్ను దాని మీదనే పడ్డది, కని నాకు అది అందదు. ఇసుర్రాయి మీద ఎక్కి చూసిన, వేలి కొసలు గూడ అందలే. అవ్వ గోడకు ఒరిగి కూసొని నా దిక్కే చూస్తున్నది గని, ఆమె ఎటు చూసినా ఏం చూడనట్టే ఉంటుండె అప్పుడు.

తెల్లారి బడికెల్లి వచ్చేవరకు ఆ కుండ కింద ఉన్నది, ఇసుర్రాయి పక్కపొంటనే. బాపమ్మకు చూపు ఆనదు, కాలికి తగిలితే "దీన్నెవరు దింపిన్రు?" అని అడిగింది. "అటుక మీద ఎలుకలు తిరుగుతున్నయి, నేనే దింపిన" అన్నది అవ్వ. ఆ నెలల అవ్వ తనంతట తాను చెప్పిన పొడుగు మాట అదే కావచ్చు. నేను ఎలుకలకు మనసుల దండం పెట్టుకున్న.

ఆనాటి సంది, బాపమ్మ గడ్డికి పోయినంక, మధ్యాహ్నం బడి విడిచినంక నేను ఆరు పిడికిళ్లు తీసి దేవుని కుండల ఏస్తుంటి. అవును, ఆరే. దానేలుగానిది తగ్గిస్తే దేవునికి లెక్క తప్పు చెప్పినట్టైతదని భయం. వానిది మాత్రం చిన్న పిడికెడు తీస్తుంటి. ఆ గుడిసెకు కిటికీ లేదు, ఆ చీకట్ల అన్ని గింజలు ఒక్క రంగే. బూడిద సంగతి నాకు తోచనే లేదు.

పండుగ వచ్చింది. ఎర్రమట్టి పూసి, సున్నం చుక్కలు పెట్టిన్రు. వెదురు పుల్లలతోని చుక్క కట్టి రంగు కాయితం అంటించిన్రు. పొద్దుగాలనే యాటను కోసి వాటాలు పంచుకున్నరు. ప్రతి ఇంట్ల అల్లం ఎల్లిగడ్డ దంచుతున్నరు, అర్సెల పాకం వాసన వాడంత ఉన్నది. అవ్వ నాకు నూనె రాసి జడ ఏసింది. ఆమె చేతులు మెత్తగనే ఉన్నయి గని, మనిషి ఆడ లేదు. దేవుని కుండ ఎత్తుకున్నప్పుడు బరువుకు చెయ్యి కిందికి పోయింది. ఆమె నా దిక్కు చూడలే. కుండ నెత్తి మీద పెట్టుకొని నడిచింది.

గుడి లోపల జాగ చాలక గొంగడి బయట ఎండల పరిచిన్రు. గుడి పంతులు ప్రార్థన చేసిండు. ఒక్కొక్క ఇల్లాలు వచ్చి పోసి పోతున్నది. మరియమ్మ ఈసారి నిండు కుండ తెచ్చింది, "మొగడు లేచి కూసుంటున్నడు, స్తోత్రం" అన్నది, తాత దిక్కు చూడకుంట పోయి కూసున్నది. తర్వాత అవ్వ. వాసెన విప్పి కుండ వంచింది. తెల్లటి ఎండల తెల్లటి జొన్నల మీద మా గింజలు బూడిదతోని పడ్డయి. పొగలెక్క లేచింది. మధ్యల మధ్యల ఎండిన యాపాకులు.

ముందట కూసున్న ఒకామె "ఇవి ఇత్తనాలు గదా" అన్నది. బాపమ్మ లేచింది. చూపు ఆనకున్నా యాపాకు వాసన పసిగట్టింది. "నా ఇత్తనాలు. గవి నా ఇత్తనాలు" అన్నది, పెద్దగ కాదు, ఎవలనో పిలిచినట్టు. అందరు అవ్వ దిక్కు చూస్తున్నరు. నేను గోడ పక్క పొంట నిలవడ్డ. అప్పటిదాంక ఉన్న భయం ఎటు పోయిందో పోయింది, ఎవలిదో ఇంట్ల జరిగేది చూస్తున్నట్టు చూసిన.

అవ్వ ఖాళీ కుండ సంకల పెట్టుకొని, ఉప్పు అయిపోయిందని చెప్పినట్టు చెప్పింది. "దానేలు పోయిన కాంచి నేను ఒక్క గింజ ఎయ్యలే. నాకు చెయ్యి రాలే. ఇవన్ని నా బిడ్డ ఏసింది." గంతే. స్తోత్రం అనలే. పోయి ఆడోళ్లల్ల కూసున్నది.

పంతులు లేచి వచ్చిండు. "పెద్దాయనా, ఇత్తనం గదా, ఏరి తీస్కపోర్రి. దేవుడేమనుకోడు" అన్నడు. తాత శానసేపు ఆ బూడిద దిక్కు చూసిండు. "పోసినంక మాది కాదు" అన్నడు. ఆ గొంతు తాతది లెక్క లేదు. అప్పుడు మరియమ్మ లేచి వచ్చి గొంగడి కాడ కూసొని, ఎవలు చెప్పకుంటనే, యాపాకులు ఒక్కొక్కటి ఏరి పక్కకు పెట్టవట్టింది. తాత ఆమెను చూసి తల దించుకున్నడు. ముందటేటి మాటకు ఆయన ఆమెను మాఫీ అడిగిండో లేదో నాకు తెల్వదు. నేనైతే వినలే.

ఇంటికొచ్చి బువ్వకు కూసున్నం. వరి బువ్వ, యాట కూర. ఎవలు నన్ను కొట్టలే, తిట్టలే. తిడితే మంచిగుండు. తాత "వానకు స్తోత్రం" అన్నడు. బాపమ్మ పండ్ల మాట ఎత్తలే, "నాకు చెప్ప బుద్ది కాలే గని, స్తోత్రం" అన్నది. బాపు "చేతులకు" అన్నడు. అవ్వకు, నాకు నడుమ ఒక మనిషి జాగ ఉన్నది, ఎవలు జరగలే. నాకు బెల్లం మాట నాలిక మీదికి వచ్చి ఆగింది. అదే చెప్పిన. "బెల్లానికి స్తోత్రం" అన్న. ఎవ్వలు నవ్వలే. ఇగ అవ్వ వంతు. ఆమె బువ్వ దిక్కు చూస్తు కూసున్నది. ఆవిరి లేచుడు తగ్గింది. కూర మీద కొవ్వు గడ్డ కట్టవట్టింది. తాత ఏం అంటడోనని బాపు ఆయన దిక్కు చూస్తున్నడు. ఆ ఇంట్ల ఎవ్వల వంతు దాటిపోయింది లేదు, చెప్పేదాంక కూసోవాలె, అది ఎరుకే అందరికి. మేము కూసున్నం. బువ్వ పూర్తిగ చల్లవడ్డది.

అప్పుడు తాత, "కోడలు పొద్దుగాలనే చెప్పింది. గుడి ముందట అందరిల చెప్పింది. నేను విన్న. తినుర్రి" అన్నడు. ఎన్నడు లేంది, తన పళ్లెంలకెల్లి ఒక ముక్క తీసి అవ్వ తలెల ఏసిండు. కోడలికి మామ అట్ల ఏసుడు నేను మళ్ల చూడలే. అవ్వ తిన్నది. ఆమె కండ్లల్ల నీళ్లు వచ్చినయని రాస్తే బాగుండు గని, రాలే. తిన్నది, కుండలు కడిగింది, వాకిలి ఊడ్చింది.

వానకాలం వస్తే విత్తనం చాలలే. చెలకల గుట్ట దిక్కు ఒక పట్టె విత్తకుంట విడిచిపెట్టిన్రు. బాపు అండ్ల మేకను కట్టేస్తుండె. చుట్టు జొన్న మనిషెత్తు లేస్తే, ఆ పట్టెల గడ్డి. బడికి పోయేటప్పుడు నేను ఆ దిక్కు చూడకుంట పోతుంటి. ఆ ఏడు ఎండకాలం వచ్చేవరకు మేము ఒక్కపూట జొన్న గటుకతోని ఎల్లదీసినం. అది నా చేతుల మీదిగనే అయిందని నాకు ఎరుకే, ఇంటోళ్లందరికి ఎరుకే. ఎవలు అనలే.

అవ్వ శాన ఏండ్లు బతికింది. నా పెండ్లి చేసింది, రూతుకు స్నానాలు పోసింది. ముసలితనంల నా దగ్గరనే ఉన్నది. ఒకనాడు తల దువ్వుతుంటే నేను ఆ సంగతి ఎత్తిన. "అవ్వా, అప్పుడు నేను చెయ్యవట్టి పట్టె బీడు పడ్డది. నీకు నా మీద కోపం రాలేదా?" అన్న. అవ్వ తల తిప్పకుంటనే, "అటుక మీద ఎలుకలెక్కడియే?" అన్నది. నాకు అర్థం కాలే. దువ్వెన ఆగింది. "నువ్వు ఇసుర్రాయి ఎక్కి చెయ్యి చాపితే చూసిన. అందలే నీకు. నాకా ఎయ్య చెయ్యి వస్తలేదు. నువ్వన్న ఎయ్యాలనుకుంటున్నవు గదా అని దింపి పెట్టిన." చిక్కు కాడ చెయ్యి పెట్టి, "ఇత్తనమని ఎరుకే నాకు. పట్టె బీడువడతదని గూడ ఎరుకే. దువ్వు, చిక్కు పడ్డది" అన్నది.

ఇప్పుడు మా ఇంట్ల ఎవ్వలకు గింజల కరువు లేదు. వరి బువ్వ మూడు పూటల ఉన్నది. బల్ల కాడ ఎవ్వలు చెప్పకున్నా ఏం ఫికర్ లేదు, మూత తీస్తరు, వేడిగనే తింటరు. మంచిదే. కని నన్ను దాటేసి పోయిన ఆ నిమిషం నన్ను ఇంకా విడుస్తలేదు. బువ్వ చల్లవడేదాంక నా కోసం ఎవలన్న కూసుంటే బాగుండు అనిపించింది. అడిగితే కూసుందురు కావచ్చు. నేను అడగలే.

పండుగ అయిన తెల్లారి పొద్దుగాల సలోమి బియ్యం కడుగుతున్నది. నేను వంటింటి గడప కాడ నిలవడి పై అర దిక్కు చూసిన. మనసుల ఏం మారలే. రూతు లేదు, స్తోత్రం గూడ లేదు. "ఏంది అత్తమ్మా, చాయ కావాల్నా?" అన్నది సలోమి. "చాయ కాదు బిడ్డా" అన్న. "గా డబ్బా కిందికి దింపి పెట్టు. నాకు అందుతలేదు."